రెండో పసుపు గీత

మూడో సెన్సారు కూడా పదిహేడే చూపించింది.

ఆ అంకెను చూడగానే వదిన చేతిలోని వంకర పానాను బల్ల మీదికి విసిరింది. అది బల్ల మీద ఆగక గోడకు తగిలి, నూనె డబ్బాను పడదోసి, పెద్దాయన కుర్చీ కాళ్ళ దగ్గరికి వచ్చి నిలిచింది. నలభై ఏళ్ళు ఇంజన్ల మధ్య బతికి చెవులను వాటికే ధారపోసిన పెద్దాయనకు ఆ చప్పుడు వినబడలేదు గాని, పానా కనబడింది. వంగి తీసి, గుడ్డతో తుడిచి, ఒళ్ళో పెట్టుకున్నాడు. కోడలి కోపం చల్లారేదాకా పనిముట్లను తన దగ్గర దాచి ఉంచడం ఆయనకు కొత్త కాదు.

వరసకు నిజంగా ఆమెకు మరిది అయినవాడు ఒక్కడే. అయినా ఎదుటి టైర్ల దుకాణం వాడికీ, ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాడైన వెల్డింగు మేస్త్రికీ కూడా ఆమె వదినే. భర్త దూరపు లారీల మీద తిరిగే మనిషి. పెళ్ళయిన కొత్తలో మామగారికి టీ ఇచ్చి వద్దామని షెడ్డుకు వచ్చిన పిల్ల, ఆయన పిస్టనుకు రింగులు ఎక్కిస్తుంటే చూస్తూ నిలబడిపోయింది. అలా నిలబడింది ఇరవై రెండేళ్ళయినా తిరిగి వెళ్ళలేదు. ఆ టీ గ్లాసు కూడా షెడ్డులోనే ఉండిపోయింది; ఇప్పుడు అందులో వాషర్లు ఉంటాయి.

ఆనాటి కోపానికి కారణం టోపీ సారు కారు. కొండదారి పందేలకు వెళ్ళే ఆ పెద్దమనిషి నెత్తి మీది టోపీని ఎవరి ముందూ తీయడు, నిద్రలో తీస్తాడో లేదో ఆయన భార్యకే తెలియాలి. ఆయన కోసం వదిన నలభై రెండు రోజులు కూర్చుని, పొగ తోపుతో తిరిగి ఇంజనులోకి గాలిని నెట్టే టర్బోతో సహా ఒక ఇంజనును కొత్తగా కట్టింది. కట్టిన ఇంజను ఐదు రోజులుగా నిలకడగా తిరగక, దగ్గుతూ తుమ్ముతూ నడుస్తోంది. సాయంత్రం నాలుగు గంటలకు లాగుడు బండి తెచ్చి, కారును అవతలి వీధి షెడ్డుకు తీసుకుపోయి, ఇంజనును విప్పిస్తానని టోపీ సారు కబురు పెట్టాడు. వదిన కట్టిన ఇంజనును మరొకరి చెయ్యి విప్పడం ఇంతవరకు జరగలేదు. జరిగితే ఆ వీధిలో ఆమె తలెత్తుకోలేదు.

పొగగొట్టంలో బిగించే ఆ బొటనవేలంత సెన్సారు చేసే పని ఒక్కటే: పెట్రోలు కాలిన తరువాత పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో వాసన చూసి చెప్పడం. మిగులు ఎక్కువైతే, పెట్రోలు చాలలేదన్నమాట. అంకె పద్నాలుగున్నర దగ్గర నిలిస్తే ఇంజనుకు కడుపు నిండినట్టు, పదిహేడంటే పస్తు.

పెట్రోలు కొలతలను లాప్‌టాప్‌లోంచి మార్చే పని మరిదిది. అతడు తెర మీదినుంచి కళ్ళు ఎత్తకుండానే అన్నాడు:

"సెన్సారు తప్పు కాదని తేలిపోయింది వదినా. మూడూ ఒకటే మాట చెబుతున్నాయి."

"మూడింటినీ తెచ్చింది నువ్వే గదా, నీ పోలికే వచ్చింది వాటికి."

"మధ్యలో నేనేం చేశాను? చాలట్లేదంటే పెట్రోలు రెండుసార్లు పెంచాను. అయినా చాలట్లేదు. ఎక్కడో గాలి దూరుతోంది. ఇంజను హెడ్డు ఎత్తి చూడ్డం తప్పదు."

"ముందు నీది ఎత్తి చూద్దాం. లోపల సరుకేమన్నా ఉందో లేదో తెలుస్తుంది."

"తిట్టు, తిట్టు. నాలుగింటికి టోపీ సారు వస్తాడు, ఆయనక్కూడా కాస్త మిగుల్చు."

"ఆయన వాటా ఆయనకుందిలే. నా కూర్పులో గాలి దూరే సందు ఉందంటావా? నా చేత్తో బిగించింది సడలిందంటావా? అనవోయ్, ఇంకోసారి అను!"

మరిది మళ్ళీ తెర మీదికి వంగాడు.

కోపానికి తర్కం ఉండదని పెద్దలంటారు. అది పూర్తిగా నిజం కాదు. కోపానికి చక్కని తర్కమే ఉంటుంది. ఒక మెట్టు మీద మరొక మెట్టు, ఎక్కడా తొట్రుపాటు ఉండదు. మొదటి మెట్టు ఒక్కటే గాలిలో ఉంటుంది. వదిన కోపానికి మొదటి మెట్టు, తాను బిగించింది వదులు కాదన్నది.

ఆ నమ్మకానికి షెడ్డులో ఒక గుర్తు కూడా ఉంది. పెద్దాయన పెట్టిన కట్టడి అది. బోల్టును బిగించినవారు దాని తల మీదుగా కింది ఇనుము మీదికి పసుపు రంగుతో ఒక గీత గీయాలి. పొగ పోయే దారిలోని బోల్టులకు మాత్రం రెండు గీతలు. మొదటిసారి కాగినప్పుడు అతుకు మధ్యనున్న గ్యాస్కెట్ అణిగి బిగువు సడలుతుంది కాబట్టి, ఇంజను కాగి చల్లారాక మళ్ళీ బిగించి రెండో గీత గీయాలి. రెండు గీతలున్న బోల్టు మీద మరొకరు పానా వేస్తే, గీసినవారి మాటను కాదన్నట్టే. పని నేర్చుకునే రోజుల్లో మరిది ఒకసారి అలా వేశాడు. "నా గీత మీద చెయ్యి పెడితే వేళ్ళు విరగ్గొడతాను" అని అరిచి, వదిన ఎనిమిది రోజులు అతనితో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది. మాటలు లేని ఆ అన్నం ఎలా ఉంటుందో తిన్నవాడికి తెలుసు.

వదిన పెట్రోలును అంటించే ప్లగ్గులు ఊడదీయడం మొదలుపెట్టింది. ఏదో ఒకటి తిప్పకపోతే ఎవరినో ఒకరిని కొట్టేలా ఉంది. మొదటి ప్లగ్గు నల్లగా, తడిగా వచ్చింది. రెండోదీ అంతే. నాలుగింటినీ వరసగా బల్ల మీద పెట్టి చూస్తూ ఉండిపోయింది.

"ఇటు రా" అంది. గొంతులో కోపం తగ్గలేదు. దారి మాత్రం మార్చుకుంది. "నీ సెన్సారు వీడు పస్తున్నాడంటోంది. పస్తున్నవాడి మూతికి ఇంత నెయ్యి ఎక్కడిది?"

మరిది వంగి చూశాడు. ప్లగ్గుల మీది మసి వేలికి అంటింది.

"పెట్రోలు ఎక్కువైంది" అన్నాడు మెల్లగా.

"మరి ఆక్సిజన్ ఎక్కడిది? లోపలి నుంచి కాదు. గాలి దూరుతోంది, అంతవరకు నీ మాట నిజం. దూరేది ఇంజను దాటాక, సెన్సారుకు ముందు. ఆ గాలిని చూసి సెన్సారు ఆకలని ఏడుస్తోంది, నువ్వు పెట్రోలు పోస్తున్నావు. ఇంకో రెండు రోజులు ఇలాగే పోస్తే సిలిండర్ల నూనె కడిగేసి రింగులు అరగ్గొట్టేవాడివి!"

ఇంజను దాటాక, సెన్సారుకు ముందు ఉన్నది టర్బో ఒక్కటే. దాన్ని ఇంజనుకు కలిపే చోట నాలుగు బోల్టులు ఉంటాయి. మరిది ఏదో చెప్పబోయి మానుకున్నాడు. వదిన గమనించలేదు, అప్పటికే షెడ్డు మీది మేడ మెట్లెక్కి, ఇల్లు ఊడ్చే వాక్యూమ్ మిషనును చంకన పెట్టుకుని దిగుతోంది. దాని గొట్టాన్ని గాలి ఊదే వైపు తగిలించి, కారు పొగగొట్టంలో దూర్చి, చుట్టూ గుడ్డ కుక్కింది. ఈలోపు చల్లారిన ఇంజనులోకి వెనకనుంచి గాలి పోవడం మొదలైంది. గిన్నెలో సబ్బునీళ్ళు కలిపి, కుంచెతో ఒక్కొక్క అతుకూ తడిపింది. మొదటి బోల్టు దగ్గర బుడగ లేదు. రెండో దాని దగ్గరా, మూడో దాని దగ్గరా లేదు. నాలుగోది టర్బో కడుపు కింద, కంటికి ఆనని చోట ఉంది. చేతి అద్దం పట్టుకుని వంగింది.

బుడగలు పాలపొంగులా పొంగుతున్నాయి.

"ఎవడు ముట్టుకున్నాడు దీన్ని?" అని ఒంటికాలి మీద లేచింది. "నా బోల్టును ఎవడు వదులు చేశాడు?"

"ఎవరూ ముట్టుకోలేదు వదినా." మరిది ఈసారి ఆమె ముఖంలోకి చూశాడు. "మూడు రోజుల కిందటే అద్దం పెట్టి చూస్తే అక్కడ మసి చార కనబడింది నాకు."

"కనబడిందా? కనబడి నోరు మూసుకున్నావా? హెడ్డు ఎత్తుదామన్నావు, బోల్టు చూద్దామనలేకపోయావా?"

"రెండు గీతలున్నాయి. హెడ్డు ఎత్తితే టర్బో ఎలాగూ దిగుతుంది, అప్పుడు నువ్వే చూసుకుంటావనుకున్నాను. వేళ్ళు పదీ కావాలి నాకు."

వదిన మళ్ళీ అద్దం పట్టుకుంది. సబ్బు నురగ కింద రెండు పసుపు గీతలు పక్కపక్కనే, తిన్నగా, ముచ్చటగా ఉన్నాయి. అంత తిన్నగా గీసే చెయ్యి ఆ షెడ్డులో ఒక్కటే.

అప్పుడు గుర్తొచ్చింది. ఇంజను మొదటిసారి తిప్పే రోజు. టోపీ సారు నలుగురు స్నేహితులతో వచ్చి ఫోటో తీసుకుంటామన్నాడు. ఒంటి గీతతో ఉంటే పని సగంలో ఉన్నట్టు కనబడుతుందని, ఇంజను ఇంకా కాగకముందే, నాలుగింటికీ రెండో గీత ముందే గీసేసింది. కాగి చల్లారాక మూడింటిని బిగించింది. నాలుగో దానికి చెయ్యి దూరక, వంకర పానాతో రేపు బిగిద్దాములే అనుకుంది. రేపు వచ్చేసరికి గీత ఉంది. తన గీతను తానే నమ్మింది.

ఇన్నాళ్ళూ లోకం మీద పడి తిరిగిన కోపం ఒక్కసారిగా ఇల్లు చేరింది. బయటివాళ్ళ మీది కోపానికి అరుపు ఉంటుంది, ఇంటికి చేరిన కోపానికి అది కూడా ఉండదు. వదిన దవడలు బిగించి పెద్దాయన దగ్గరికి నడిచి చెయ్యి చాచింది. ఆయన పానాను రెండు చేతులతో పట్టుకుని ఆమె ముఖం పరీక్షగా చూశాడు.

"కోపం తగ్గిందా?" అని అడిగాడు, చెవిటివాళ్ళు అడిగినట్టు గట్టిగా.

తగ్గలేదని తల అడ్డంగా ఊపింది.

"ఎవరి మీద?"

వేలితో తన గుండె మీద పొడుచుకుంది. పెద్దాయన పానా ఇచ్చేశాడు.

నాలుగు గంటలకు పది నిమిషాల ముందే లాగుడు బండి వాకిట్లోకి వచ్చింది. టోపీ సారు దిగేసరికి వదిన కారు కింద ఉంది; కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి.

"ఏమ్మా, తీసుకుపోవచ్చా?"

"గంటసేపు ఆగాలి" అన్నాయి కాళ్ళు. "బోల్టు ఒకటి సడలింది. బిగించకుండా బిగించినట్టు గీత గీశాను."

"నువ్వా?"

"నేనే. మీ ఫోటో కోసం. మళ్ళీ అడగకండి సారూ, అసలే ఒళ్ళు మండిపోతోంది."

సారు లాగుడు బండి వాణ్ణి ఆగమన్నాడు. పెట్రోలు కలిసిన నూనె దించి కొత్తది పోశారు, ప్లగ్గులు మార్చారు. మరిది తాను రెండుసార్లు పెంచిన పెట్రోలును తగ్గించి తొలి కొలతకు తెచ్చాడు. ఇంజను తిప్పారు. కాసేపు తెర మీది అంకె పదహారు దగ్గర తారట్లాడి, ఇంజను కాగాక పదిహేనుకు దిగి, పద్నాలుగున్నర దగ్గర కూర్చుంది. దగ్గు లేదు, తుమ్ము లేదు. టోపీ సారు పావుగంట ఆ అంకెనే చూస్తూ నిలబడి, ఆ తరువాత లాగుడు బండిని ఖాళీగా పంపేసి, కారు కోసం రేపు వస్తానన్నాడు.

ఆయన వెళ్ళాక ఇంజను చల్లారేదాకా ఆగి, వదిన గుడ్డకు థిన్నరు పూసి, నాలుగు బోల్టుల మీది రెండో గీతను తుడిచేసింది. అన్నింటినీ మళ్ళీ ఒకసారి పానాతో అదిమి చూసి, రంగు డబ్బాను మరిది వైపు నెట్టింది.

"పానా వేసి చూడు. కదలకపోతే నువ్వే గీయి. ఇకనుంచి బిగించేవాళ్ళు ఒకరు, రెండో గీత గీసేవాళ్ళు ఒకరు."

మరిది చూశాడు. ఏదీ కదలలేదు. నాలుగో దాని మీద గీత గీస్తుంటే చెయ్యి సరిగా దూరక, అది వానపాములా వంకర పోయింది.

"ఏమిటా గీత?" అని వదిన అద్దంలో చూసి కసిరింది. "సిగ్గుండాలి."

అతడు తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీ. బిగించాకే గీశావుగా."