ఆక్షేపణకు గడువు

గ్రంథాలయాలు ఉచితంగా వాడుకునే ఒక సాఫ్ట్‌వేర్‌కు మూలపురుషుడాయన. ఊరూరి నుంచీ దాన్ని స్వచ్ఛందంగా దిద్దేవారందరికీ ‘పెద్దాయన’. ఎవరి సవరణ వచ్చినా కళ్లజోడు తుడుచుకుని, ముందు ధన్యవాదాలు రాసి, ఆ తరువాతే తప్పు చూపడం ఆయన నిత్యవిధి. గడువులోగా ఎవరూ కాదనకుంటే సవరణ చేరిపోవాలన్న నియమమూ ఆయన పెట్టినదే. ఒకనాడు, కొత్తగా చేరిన ఒకమ్మాయి, ఆయన యౌవనంలో రాసిన, పుస్తకాలు వెతికిపెట్టే భాగాన్ని సమూలంగా తొలగించి, తాను రాసినదాన్ని నిలపాలని ప్రతిపాదించింది. సాయంత్రం దాకా గడువు. ఆయన తప్పు వెదికారు, దొరకలేదు. అయినా ప్రాణం ఒప్పక, చేతులు వెనక్కి కట్టుకుని గదిలో పచార్లు సాగించారు.

“చేతులకేమైందండీ?” అంది భార్య.

“వదిలితే వద్దని రాసేస్తాయే!”

“రాసేయండి. మీ మాటకు ఎదురు చెప్పేదెవరు అక్కడ?”

“అదేనే నా భయం. నేను వద్దంటే ఆ పిల్ల మారు మాట్లాడదు. మళ్లీ ఇటు రాదు కూడా.”

దీపాలు పెట్టే వేళకు గడువు తీరి, కొత్త భాగం చేరింది. ఆయన కూర్చుని ఒక పుస్తకం పేరు సగం కొట్టారో లేదో, అది తెరమీద ప్రత్యక్షమైంది.

“ఇటు రావే! నాది ఆవులించేలోగా ఇది పేగులు లెక్కపెట్టేస్తోంది!” అంటూ, ఆటలో మనుమరాలి చేతిలో ఓడిన తాతలా మురిసిపోయి, ఆయన మరో పుస్తకం పేరు కొట్టారు.