డ్యాష్‌బోర్డు మీద ఆరు దీపాలు

మొదట ఇంజను బొమ్మ వెలిగింది. నేను దాన్ని చూసేలోపే బ్రేకుల బొమ్మ, స్టీరింగ్ బొమ్మ, జారిపోతున్న కారు బొమ్మ, టైరులో గాలి తగ్గిందని చెప్పే బొమ్మ వరసగా వెలిగాయి. ఆఖరుది దేని బొమ్మో నాకు తెలియదు. మొత్తం ఆరు, అన్నీ పసుపు రంగులో. ఓడరేవు పక్కనున్న మా వాట్‌గంజ్ నుంచి భవానీపూర్ వెళ్లే దారిలో, వంతెన ముందు మలుపు తిరుగుతుండగా జరిగింది.

పక్క సీట్లో మా నాన్న. "ఏటమ్మా ఇది, కాళీపూజ లైటింగా?" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా కారు వంతెన ఎక్కనంటోంది. వెనక మినీబస్సువాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడు. సైకిలు రిక్షా ఒకటి మమ్మల్ని దాటుకుని పోయింది. ఇది టర్బో కారట, చిన్న ఇంజనైనా పెద్దదానిలా లాగుతుందట. అమ్మినవాడు ఆ ముక్క పదిసార్లు చెప్పాడు. నాకు లాగడంతో పనేముంది? ముందు సీటు పూర్తిగా వెనక్కి వాలుతుందని కొన్నాను.

నాన్నకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడు రోజులు పొద్దున్నే భవానీపూర్‌లో డయాలసిస్. ఒక్కసారి తప్పినా ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుందని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. మిషను మీద నుంచి లేచాక బీపీ పడిపోతుంది, కాళ్లు పట్టేస్తాయి, పడుకోబెట్టే తీసుకురావాలి. మా సందులోకి క్యాబులు రావు. వస్తామన్నవాళ్లు పెద్దరోడ్డు దాకా వచ్చి క్యాన్సిల్ కొడతారు. అమ్మ పోయి చాలాకాలమైంది. ఉన్నది నేనూ ఆయనా. ఆయన్ని ఇంట్లో దింపి, అన్నం పెట్టి, సాల్ట్ లేక్‌లో ఆఫీసుకు మధ్యాహ్నానికి చేరాలి. కారు నడిస్తేనే ఇదంతా నడుస్తుంది.

ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే దీపాలన్నీ ఆరిపోయాయి. హమ్మయ్య అనుకున్నాను. రెండు రోజులకు మళ్లీ ఆరూ వెలిగాయి.

సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ తగిలించి పదకొండు తప్పులున్నాయన్నారు. చక్రం దగ్గర సెన్సర్ మార్చారు. మూడు రోజులు బాగుంది. తర్వాత బ్యాటరీ మార్చారు. అదీ నాలుగు రోజుల ముచ్చటే. మూడోసారి వెళ్తే, టర్బో విప్పి చూడాలి మేడమ్, బండి ఒక వారం వదిలి వెళ్లండి అన్నాడు టై కట్టుకున్న అబ్బాయి.

"మా నాన్న కిడ్నీలకు కూడా నువ్వే చెప్పు, ఒక వారం ఆగమని" అన్నాను. పాపం, వాడి మొహం మాడిపోయింది. కానీ ఒళ్లు మండిపోతున్నప్పుడు మాట ఎంచుకునే ఓపిక ఎక్కడుంటుంది?

తప్పులు చదివే చిన్న పరికరం ఒకటి నేనే తెప్పించుకున్నాను. స్టీరింగ్ కింద గుచ్చి, ఫోన్లో చూసుకుంటూ, ఆఫీసు పని మానేసి కార్ల గురించి ఎవరెవరో రాసినవి చదివాను. ఒకడు ఇంధనం కల్తీ అంటాడు, ఒకడు ఎలుకలు వైర్లు కొరికాయంటాడు. చివరికి నాకు తెలిసింది ఒక్కటే. ఏసీ, వైపర్లు, హెడ్‌లైట్లు అన్నీ వేసి ఉన్నప్పుడు స్టీరింగ్ బాగా తిప్పితే దీపాలు వెలుగుతాయి. అందుకని ఏసీ ఆపేసి, చెమటలు కక్కుతూ, మలుపులు తక్కువున్న దారి వెతుక్కుని మూడు మైళ్లు చుట్టు తిరిగి వెళ్లేదాన్ని. తల ప్రాణం తోకకు వచ్చింది.

ఒక వానరోజున అది కూడా కుదరలేదు. వైపర్లు లేకుండా ఎలా నడపను? మోకాలి లోతు నీళ్లు, మబ్బుకు పొద్దున్నే చీకటి. వంతెన ముందు దీపాలు వెలిగాయి, స్టీరింగ్ బండరాయిలా బిగుసుకుంది. గంటకు పైగా కారు కదల్లేదు. మేం చేరేసరికి మిషను ఇంకొకరికి ఇచ్చేశారు. రేపు రమ్మన్నారు.

మర్నాడు పొద్దున నాన్న పడుకోలేకపోయాడు. కిటికీ ఊచలు పట్టుకుని కూర్చుని, గాలి కోసం నోరు తెరుస్తూ, "కంగారు పడకమ్మా, ఏటీ అవ్వదు" అంటున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. కింద కోళ్లు అమ్మే ఆయన తన వ్యానులో కోళ్ల బుట్టలు దించేసి తీసుకెళ్లాడు. ఆ నాలుగు గంటలు అత్యవసర విభాగం బయట నిలబడి నేను ఏ దేవుడికి మొక్కానో గుర్తులేదు. నాన్న బతికాడు. కానీ భయం నాలోంచి పోలేదు.

డయాలసిస్ సెంటర్ వెనక సందులో ఒక ముసలాయన బళ్ల కరెంటు పని చేస్తాడని అక్కడి నర్సు చెప్పింది. ఆ వారమే, నాన్నకు డయాలసిస్ అయిపోగానే వెళ్లాం. ఆ రోజు బీపీ పడలేదు, నాన్నను దుకాణం ముందు బెంచీ మీద కూర్చోబెట్టాను. చేతికి దూది పట్టీ ఇంకా ఉంది. ముసలాయన కంప్యూటర్ తగిలించలేదు. బానెట్ ఎత్తి, మీటరు సూది ఒకటి బ్యాటరీ మైనస్ మీద, ఇంకొకటి ఒక నల్లవైరు మీద పెట్టి, "ఏసీ వేయండి దీదీ. లైట్లు వేయండి. ఇప్పుడు స్టీరింగ్ తిప్పండి" అన్నాడు. దాదాపు సున్నా ఉండాల్సిన చోట మీటరు ఒకటిన్నర వోల్టు చూపించింది.

బ్యాటరీ పక్కన బాడీకి బిగించిన బోల్టు విప్పాడు. నల్లవైర్ల గుత్తి ఊడి వచ్చింది. దాని కింద ఎర్రగా, నున్నగా రంగు.

"ఇక్కడ ఇనుము ఇనుముకు తగలాలి దీదీ. లోపల పనిచేసిన కరెంటంతా ఈ దారినే వెనక్కి పోవాలి. మధ్యలో రంగుంటే ఎలా పోతుంది? బ్రేకుల పెట్టెకీ స్టీరింగుకీ కరెంటు చాలక అన్నీ ఒక్కసారే ఏడుస్తున్నాయి. ఎవరు వేశారు ఈ రంగు?"

"నేనే ఏసినాను" అన్నాడు బెంచీ మీది నుంచి నాన్న. మెచ్చుకుంటున్నారనుకున్నాడు. మొహం వెలిగిపోయింది. "రెండు పూతలు. బోల్టు ఇప్పి, బ్రష్షుతో రుద్ది మరీ ఏసినాను. తుప్పన్నది రాదు."

అప్పుడు తెలిసింది. నాన్న ముప్పై ఎనిమిదేళ్లు ఓడరేవు డాకులో వించి నడిపాడు, సరుకు ఎత్తే యంత్రం. విశ్వకర్మ పూజకు రెండు రోజుల ముందు నుంచీ అక్కడ ఎవరి యంత్రం వాళ్లు తోమి, తుప్పు గీకి, తుప్పు పట్టకుండా ఎర్రటి రెడాక్సైడ్ రంగు వేసుకుంటారు. ఎక్కడా వట్టి ఇనుము కనబడకూడదు. కనబడితే ఆ మనిషికి పని రాదని పదిమంది ముందు గేలి చేసేవారు. రేవు తేమకు ఇనుము ఎలా తుప్పు పట్టి రాలిపోతుందో చూసినవాళ్లు మరి. రిటైరయ్యాక పూజ చేసుకోవడానికి ఆయనకు మిగిలిన యంత్రం నా కారే. ఈ ఏడు పూజ రోజున నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బానెట్ మీద కుంకుమ బొట్లు, బంతిపూల దండ ఉన్నాయి. ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో కూడా పెట్టాను. బానెట్ ఎత్తి చూడలేదు. దీపాలు మొదలైంది పది రోజుల తర్వాత కావడంతో, ఆ రెంటికీ సంబంధం ఉంటుందని నాకు తట్టనే లేదు.

ఇదంతా తాపీగా ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజు తాపీగా లేను.

"నిన్నెవరు ముట్టుకోమన్నారు?" అని అరిచాను. "వారం వారం నేను ఎన్ని గుమ్మాలు తొక్కానో తెలుసా? ఆ చేతులు ఊరికే ఉండలేవా నీకు? నీ రంగు నిన్నే చంపేసేది! ఇంకెప్పుడైనా ఈ బండి మీద చెయ్యి వేశావో చూడు!"

సందులో వాళ్లు ఆగి చూశారు. ముసలాయన తల వంచుకుని గరుకు కాగితంతో రంగు గీకుతున్నాడు. "తెలియక చేశారు, వదిలేయండి దీదీ, పెద్దాయన" అన్నాడు మెల్లిగా. నేను వదల్లేదు. ఇంకా ఏవేవో అన్నాను. నాన్న తన చేతుల వంక చూసుకుని, వాటిని ఒళ్లో పెట్టుకున్నాడు.

బోల్టు బిగించాక ఏసీ, వైపర్లు, లైట్లు అన్నీ వేసి స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాను. ఒక్క దీపం వెలగలేదు. తిరిగి వస్తుంటే కారు వంతెన మీదికి పరుగెత్తింది. ఎన్నో వారాల తర్వాత ఆ రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

మరుసటి డయాలసిస్ రోజు పొద్దున్నే కారు తీసి స్టార్ట్ చేశాను. నాన్న సంచి భుజానికి తగిలించుకుని వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు.

"ఎక్కు నాన్నా, టైమవుతోంది" అన్నాను అద్దం దించి.

ఆయన వంగి నా మొహంలోకి చూశాడు.

"తలుపు ముట్టుకోనా అమ్మా?" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. ఆ గొంతు నాకు తెలుసు. నిజంగానే అడుగుతున్నాడు. ముట్టుకో నాన్నా అనాల్సింది. దిగి, అటు తిరిగి వెళ్లి, నేనే తలుపు తీశాను.