మూడు వారాలు మింగిన పట్టిక

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీద ఉండేదని మా అమ్మ అందరికీ చెప్పేది. అబద్ధం. ముక్కు మీద చోటు చాలక మొహమంతా ఉండేది. డెబ్భైల చివర, డిగ్రీ అయి ఏడాది ఖాళీగా కూర్చున్నాక, వరంగల్‌లో ఒక ప్రసూతి దవాఖానలో నాకు తాత్కాలిక ఉద్యోగం దొరికింది. పుట్టిన ప్రతి బిడ్డనూ తూచి, పొడవూ తల చుట్టుకొలతా కొలిచి కార్డు మీద రాయాలి. ఎందుకంటే అప్పటికి మా దగ్గరున్న ఎదుగుదల పటం విదేశాల్లోని పిల్లల్ని కొలిచి గీసినది. ఆ గీత పక్కన పెడితే మన పిల్లలు చాలామంది దాని కిందే పడేవారు. పుట్టి గంట కాలేదు, కళ్లు సరిగా తెరవలేదు, అప్పుడే ఫెయిల్! నాకు ఒళ్లు మండిపోయేది. మన పిల్లలకు మన కొలతలే ఉండాలని పట్టుబట్టి ఈ పని మొదలుపెట్టిన పిల్లల డాక్టరును (మేమంతా పెద్దసారు అనేవాళ్లం) చూస్తే నాకు దండం పెట్టాలనిపించేది.

అయితే బరువొక్కటే తెలిస్తే చాలదు, బిడ్డ కడుపులో ఎన్ని వారాలున్నదీ తెలియాలి. దానికి తల్లి ఆఖరి నెలసరి తేదీ కావాలి. అడిగితే ఒకామె బతుకమ్మ ఎత్తిన నాడు అంటుంది, ఇంకొకామె దీపావళి వెళ్లిన మూడో రోజంటుంది. తారీఖు చెప్పమని నేను వాళ్ల మీద విరుచుకుపడేదాన్ని. (నొప్పులు పడి పడి సొలసిన మనిషిని క్యాలెండర్ గురించి గద్దించేంత తెలివి నాది.) చివరికి జనవరిలో గోడకు కొత్త క్యాలెండర్ వచ్చిన రోజు, అందులోని పండుగలన్నిటికీ తేదీలు చూసి ఒక పట్టిక రాశాను. రాయడానికి కాగితం లేక పాత ఏడాది క్యాలెండర్ వెనకవైపు వాడుకున్నాను, తెల్లగానే ఉంది కదా అని. దాన్ని తక్కెడ పైన మేకుకు తగిలించాను. ఇక ఎవరు ఏ పండుగ చెప్పినా తేదీ ఇట్టే దొరికేది. పెద్దసారు మెచ్చుకున్నారు. నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

ఎండలు ముదిరేసరికి కార్డులు ఒక వింత చెప్పసాగాయి. మన పిల్లలు నెలలు పూర్తిగా నిండకుండానే నిండు బరువుతో పుడుతున్నారు! పెద్దసారు రాత్రింబవళ్లు గీతలు గీసుకుని మురిసిపోయారు. నేనైతే ఆ విదేశీ గీతకు మనసులో చీపురు తిరగేశాను. మాకు కావలసిందే వచ్చింది కాబట్టి ఎందుకొచ్చిందని ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు.

ఆషాఢంలో కొత్తవాడ నేతకారుల ఇంటి కోడలు ఒకామెకు కాన్పైంది. మగపిల్లాడు, మూడు కిలోలు. నెలసరి దసరా నాడన్నది. పట్టిక చూశాను, కార్డు రాశాను. ఆమె భర్త బొంబాయి దగ్గర భివండిలో మగ్గాల పని చేసేవాడు. దసరా ముందు రోజు ఇంటికొచ్చి, నెల ఉండి వెళ్లి, మళ్లీ కాన్పుకే వచ్చాడు. అతన్ని పిలిచి మరీ చెప్పాను, మీ వాడు మూడు వారాలు ముందే పుట్టాడు, అయినా నిండు బరువున్నాడని. మరి అంత బరువెట్లా వచ్చిందని అడిగాడు. అదే మాకూ అంతుబట్టడం లేదని నవ్వాను. (ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.) అతను వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అతని తల్లి నా బల్ల ముందు నిలబడింది.

"నా కొడుకు నిన్నటిసంది పిలగాని దిక్కు సూస్తలేడు. నిండు బరువంటే నెలలు నిండినట్టే గద, మరి నేను రాకముందు మూడు వారాలు యాడివని కోడల్ని అడుగుతాండు. గది రాసింది నువ్వేనా బిడ్డా?"

నాకు చర్రున మండింది. నా ఇంట్లోంచి తెచ్చి రాయలేదని, అన్నీ తేదీల ప్రకారమేనని పట్టిక చూపించాను. ఆమెకు చదువు రాదు. దాని మీదున్నది ఏ దసరా అని అడిగింది. దసరా అంటే దసరానే, జనవరిలో వచ్చిన కొత్త క్యాలెండర్ చూసి రాశానన్నాను.

"ఈ యేడు అధికమాసం, రెండు శ్రావణాలు. దసరా ఎనుకకు వోతది. పోయినేటి దసరా ముందుగాల్నే అచ్చింది. నువ్వు రాసుకున్నది ఇంకా రాని దసరా బిడ్డా. తొమ్మిది అమాసలు నేను లెక్కవెట్టిన. నా మనుమడు నెలలు నిండే పుట్టిండు."

మేకు నుంచి పట్టిక తీసి తిప్పి చూశాను. పోయినేడాది దసరా, ఎర్ర అక్షరాల్లో, నా పట్టికలోని తేదీకి దాదాపు మూడు వారాల ముందు. ఆర్నెల్లుగా అది నా రాతకు వెనకాలే ఉంది.

వార్డుకు పరుగెత్తి, తప్పు నాదేనని అతనితో చెప్పాను. కార్డు మీద రాసి ఉంది కదా అని నసిగాడు. అంతే, కాగితం ముక్కను నమ్మి కట్టుకున్నదాన్ని అనుమానిస్తావా అని అతని మీద పడ్డాను. నా వెనకే వచ్చిన అతని తల్లి నా చెయ్యి పట్టుకుని, "నువ్వు నమ్మింది గూడ కాయితాన్నే గద" అంది. అతను పిల్లాడి కోసం చేతులు చాచాడు. అప్పటిదాకా గోడవైపు తిరిగి పడుకున్న అతని భార్య లేచి, పిల్లాణ్ణి అత్త చేతిలో పెట్టింది.

"ఇద్దరు గలిసి కాయితాన్నే అడిగిండ్రు. నన్నడిగిండ్రా?"

కార్డులన్నీ మళ్లీ రాశాం. మన పిల్లల ఘనకార్యం ఆవిరైపోయింది. పెద్దసారు తిడతారనుకుంటే, కళ్లద్దాలు తుడుచుకుని నా పక్కనే కూర్చుని సగం కార్డులు తనే దిద్దారు. ఇంటికెళ్లే రోజు పిల్లాడు తండ్రి భుజం మీదే ఉన్నాడు. పిల్లాడి తల్లి మాత్రం అతనితోనూ మాట్లాడలేదు, నాతోనూ మాట్లాడలేదు. నా కోపాలన్నీ ఊరికే అరుపులు. ఆమెది అసలు కోపం. అది ఎన్నాళ్లుందో నాకు తెలియదు, ఎన్నాళ్లున్నా న్యాయమే.

ఆనాటి నేను, ఆ ఇరవై రెండేళ్ల పిల్ల, ఇప్పుడు నా ఎదుటికొస్తే ముందు రెండు తగిలించి, ఆ తర్వాత కూర్చోబెట్టి అన్నం పెడతాను. తిన్నంతసేపూ అది నా మీద కోప్పడుతూనే ఉంటుంది, నాకు తెలుసు.