చుక్క కింది మట్టి

వనపర్తి నుంచి గద్వాల వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న రైతు ఫోనులో ఫోటోలు చూసుకుంటున్నాడు. అన్నీ నీటిచుక్కలే. డ్రిప్పు పైపుకు వేలాడుతున్న ఒక్కో చుక్కలో కాస్త ఆకాశం కూడా ఉంది. నాకూ చుక్కల ఫోటోలు తీసే పిచ్చి ఉంది. పైగా మా లైబ్రరీలో ఫోటోగ్రఫీ పుస్తకాలన్నీ చదివినవాణ్ణి, ఊరుకోలేకపోయాను.

"చాలా బాగా తీశారు. పడబోయే చుక్కను పట్టుకోవడమే కష్టమని పుస్తకాల్లో రాస్తారు," అన్నాను.

ఆయన నవ్వాడు. "అది పడేది గాదు సారూ. పొద్దుగాల సంది గట్లనే ఏలాడుతుంది. బొక్క మూసుకపోయింది."

విత్తనాల కోసం వేసిన సీడు పత్తి పూతకొచ్చిందట, సాలు చివరి మొక్కలు వాడిపోతున్నాయట. పైపు కొత్తదే కాబట్టి మార్చివ్వమని ఫోటో చూపిస్తే, నీళ్లు బాగానే వస్తున్నాయి కదా అన్నాడట దుకాణదారు.

"ఆయన గూడ నీ లెక్కనే చుక్కను జూసి మురిసిండు. గందుకే మల్ల తీసిన. జర కింద జూడు."

కొత్త ఫోటో తెరిచి వేళ్లతో పెద్దది చేశాడు. చుక్క తెర పై అంచుకు జారిపోయింది. దాని కింద మట్టి పొడిగా, నెర్రెలు విచ్చి ఉంది. నేను చదివిన ఏ పుస్తకమూ అక్కడ చూడమనలేదు.

"ఇక మారుస్తాడు," అన్నాను.

"మార్చక ఏడికి పోతడు!" అంటూ గద్వాలలో హుషారుగా దిగిపోయాడు.

ఇప్పటికీ చుక్కల ఫోటోలు తీస్తూనే ఉన్నాను. కాకపోతే ఫోను కాస్త వంచి, అవి పడే చోటు కూడా వచ్చేలా తీస్తున్నాను.