గడప అవతలి సన్నాయి

మా నాయన సన్నాయి వాయించేవాడు. చిత్తూరు చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ తన సన్నాయితోనే జరిగాయని చెప్పుకునేవాడు గానీ, అందులో సగం తీసేసి వినాలని మా అమ్మ అనేది. ఏమీ తీసేయకుండా మేమందరం నమ్మింది ఒక్కటే: గూడూరు అవతల అభ్రకం గనుల ఊళ్ళో, గనుల యజమానులు కట్టించిన కచేరీ హాలులో ఆయన వాయించిన సంగతి. "సూది కిందబడినా ఆకరి బెంచీకి వినపడతాది సూడు, అట్లా కట్టినారు" అనేవాడు. ఇంటికి ఎవరొచ్చినా కాఫీతో పాటు ఆ మాట కూడా అందేది.

పంతొమ్మిదివందల ఎనభైలు వచ్చిన కొత్తలో ఆయన ముందు పళ్ళు రెండు ఊడిపోయాయి. పళ్ళు పోతే పెదవి నిలవదు, పెదవి నిలవకపోతే సన్నాయికి నోటి దగ్గరుండే పీక పలకదు. సన్నాయి గుడ్డసంచిలో అటకెక్కింది. ఇక అక్కణ్ణుంచి ఒకటే పోరు. "పాపా, ఆ హాలుకు ఒక్కసారి నన్ను పిల్చుకోని పో." నేను తిరుపతిలో టెలిఫోన్ ఆపరేటర్ని, సెలవు దొరకడం గగనం. మూడు నెలలు తప్పించుకుని, చివరికి ఒక ఆదివారం విసుక్కుంటూనే బయల్దేరాను. చూస్తే సంచి ఆయన చంకలో ఉంది. ఇదెందుకని అడిగాను.

"ఉండనీ. దానికి మాత్రం ఊరు సూడాలని ఉండదా?"

గూడూరు దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. గనులు మూతబడి చాలా ఏళ్ళయింది. రోడ్డు పక్క మట్టిలో కాకిబంగారం మెరుస్తూనే ఉంది, ఎవరూ వంగి చూడటం లేదు. హాలు ఇప్పుడు నిమ్మకాయల గోడౌను. ముందు అరుగు మీద ముగ్గురు ఆడవాళ్ళు కాయలు ఏరుతున్నారు. కాపలా ముసలాయన తలుపు తీసి, "చూసుకోండి, మూటలు తొక్కబాకండి" అని బీడీ ముట్టించుకున్నాడు.

నేను లోపలికి వెళ్ళాను. నాయన రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే, గడప బయట చెప్పులు విడిచి, అరుగు చివరి స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు.

"రా నాయనా."

"మేము ఈడనే కూసునేది" అన్నాడు.

సంగతి అప్పుడు బయటపడింది. కచేరీకి ముందు అరుగు మీద మేళం మోగాలి. పెద్ద విద్వాంసుడు వేదిక ఎక్కగానే మేళం ఆగాలి, తలుపు మూసేస్తారు. కచేరీ అయిపోయాక పెద్దమనుషుల్ని కార్ల దాకా సాగనంపడానికి మళ్ళీ వాయించాలి కాబట్టి, మేళగాళ్ళు అక్కణ్ణుంచి కదలకూడదు, గడపా దాటకూడదు. అదీ అక్కడి పద్ధతి.

"దోవన పోయే బండోళ్ళు వచ్చి, 'లోపల ఎవురప్పా వాయిస్తా ఉండేది?' అని నన్నే అడిగేవోళ్ళు. ఆయప్ప పేరు చెప్పి పంపిస్తా ఉంటి."

"మరి హాల్లో వాయించినానని ఇన్నేళ్ళూ కోతలు కోశావే!"

"అబద్ధమే చెప్పినాను పాపా. తలుపు సందులో నుంచి విని విని, నేను కూడా లోపలే ఉన్నట్టు అయిపోయినాది."

నాకు ఒళ్ళు మండింది. ఉన్న ఒక్క సెలవూ పాడుచేసి అబద్ధం చూపించడానికి తీసుకొచ్చాడా ఈయన! ఆ కోపం ఆయన మీద కాదని రైల్లో తిరిగొస్తున్నప్పుడు తెలిసింది గానీ, అప్పుడు ఎదురుగా ఉన్నది ఆయనే. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాను. వేదిక సగం మూటలే, మిగతా సగం ఖాళీ.

"ఎక్కు" అన్నాను.

"పండ్లు లేవు గదమ్మా."

"పళ్ళు లేకుండానే మొన్న ఏడు వడలు తిన్నావు. ఎక్కు."

ఎక్కాడు. వేదికను తాకి కళ్ళకద్దుకుని కూర్చున్నాడు. పీకను నోట్లో పెట్టి తడుపుతూ, నన్ను ఆకరికి పొమ్మని చెయ్యి ఊపాడు. నేను మూటల సందులో నడిచి తలుపు దగ్గర నిలబడ్డాను. మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారీ అంతే. కాపలా ఆయన బీడీ ఆర్పేసి లోపలికి తొంగి చూశాడు. నాకు భయం వేసింది, అనవసరంగా ఎక్కించానేమోనని.

మూడోసారి షడ్జం పలికింది. సన్నగా, వణుకుతూ, అయినా నా దాకా వచ్చింది. దాని వెనకే ఇంకో నాలుగు స్వరాలు. అంతటితో ఊపిరి చాలక ఆగాడు.

అరుగు మీద కాయలు ఏరుతున్న వాళ్ళలో ఒకామె తలెత్తి నన్ను అడిగింది.

"లోపల ఎవరమ్మా వాయించేది?"

"మా నాయన" అన్నాను, వేదిక దాకా వినపడేటట్టు.