గొడిత్ పిన్ని మిర్రీ

మా గొడిత్ పిన్నిది పాడు నోరని ఊరంతా అంటారు. అననీ! ఆ నోరే లేకపోతే మిర్రీ ఏనాడో చచ్చేది.

మిర్రీ రాచ్ కుక్క. వాసన పట్టి మందగా జింకల వెంటపడే ఈ రాచ్‌లన్నీ మా దొరవే. కానీ పాలు మానిన కుక్కపిల్లల్ని మాత్రం మా పొయ్యిల దగ్గర పడేస్తాడు. ఏడాది పాటు పెంచి అప్పగించాలి. మా గంజి పలచబడినా ఫర్వాలేదు, దాని రొట్టె తగ్గకూడదు. పిల్ల పోయిందా, మన ఆవు దొరదైపోతుంది. మొగుడూ పిల్లలూ లేని పిన్ని మిర్రీని పక్కలో వేసుకుని పడుకునేది.

మాది అడవి అంచు ఊరు. మా కుక్కలు జింకల్ని తరమకుండా ముంగాలికి మూడేసి గోళ్లు నరికేస్తారు. దొర కుక్కల జోలికి మాత్రం పోరు. ఆ వసంతంలో అడవి అధికారి వారిన్ ఉలీ సుత్తీ పట్టుకుని పిన్ని గుడిసెలోకి వచ్చాడు.

"అది దొరగారిది, ముట్టుకోకు!" అని పిన్ని అరిచింది.

"నీ కొంపలో దొర కుక్కేమిటే ముసలీ? ఏ ఇంటికెళ్లినా ఇదే కూత!"

వెంట వచ్చిన భటులు పిన్నిని గోడకు అదిమి పట్టారు. వారిన్ మిర్రీ ముంగాలి గోళ్లు మూడూ నరికేశాడు. వాకిట్లో నిలబడి అంతా చూశాను. తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండిపోతుంది.

కుంటి రాచ్ మందతో పరిగెత్తలేదు. అలాంటిదాన్ని దొర చెట్టుకు ఉరి వేయిస్తాడు. మర్నాడు దొర వేటగాడు ఫుల్క్ వచ్చి ఆ కాలు చూశాడు. తప్పెవరిదో వాడికి తెలుసు. కానీ వారిన్ దొరకు బామ్మర్ది. అందుకని ఫుల్క్ చర్చి ముందు, అందరూ వింటుండగా, "ఇది మా కుక్క కాదు. మాదాన్ని పోగొట్టావు. ఆవును తోలు" అన్నాడు.

"కాదా? గట్టిగా చెప్పు!" అంది పిన్ని.

"కాదన్నానుగా!"

"అందరూ విన్నారుగా? అయితే ఇది నాది. మీ చట్టం ప్రకారమే గోళ్లు కోసున్నాయి. దీని మీద చెయ్యేస్తే ఆ చెయ్యి విరిచేస్తా. ఆవును తోలుకుపో, సిగ్గులేని వెధవా!"

వాడు నిజంగానే తోలుకుపోయాడు. మరుసటి ఏడు మళ్లీ గంపలో పిల్లల్ని తెచ్చాడు. పిన్ని గుమ్మంలో నిలబడింది. కాళ్ల దగ్గర కుంటి మిర్రీ.

"పెట్టిపో. ఈసారి పిల్ల చస్తే ఏం తోలుకుపోతావురా? నన్నా?"

ఫుల్క్ గంప ఎత్తుకుని మా ఇంటికొచ్చాడు. మాకింకా ఆవుంది.