రమ ఎడమ కన్ను

మర్రిగూడ మండలంలోని ఆ ఊళ్లో ఎవరి కంట్లో నలుసు పడ్డా మొదట వచ్చేది గుర్వమ్మ ఇంటికే. ఆమె పుక్కిలించి నోరు కడుక్కుని, వచ్చినవాళ్ల రెప్పను రెండు వేళ్లతో తిప్పి, నాలుక కొసతో నలుసును తీసేది. తీసినదాన్ని అరచేతిలో పెట్టి చూపించేది. అత్తగారి దగ్గర నేర్చుకున్న పని అది. మోకాళ్లు వంగిపోయి కూలికి పోలేని ఈ అరవై నాలుగో ఏట ఆమెకు ఊళ్లో మర్యాద మిగిల్చింది కూడా అదే.

"గుర్వక్క నాలికె కండ్లకే మెత్తగ తగుల్తది, మాటలకైతె గీరుకపోతది" అనేది పక్కింటి కౌసల్య.

"ఊరోళ్ల ఇండ్లల్లకు తొంగి సూసుడు మానుకో కౌసల్యా. నీ కండ్లల్ల నలుసే పడదు" అనేది గుర్వమ్మ.

రెండేళ్ల కింద ఆమె కళ్లకే శుక్లాలు వచ్చాయి. ఉచిత కంటి శిబిరం వాళ్లు తీసుకుపోయి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పగానే ఎదురుగా కోడలు రమ కనిపించింది.

"ఇంత సక్కగుంటవని నాకెవ్వరు చెప్పలే గదనే" అంది గుర్వమ్మ. రమ పడీపడీ నవ్వింది.

ఇంటికి పంపేటప్పుడు నర్సు చిన్న మందు సీసా ఇచ్చి, వారానికి ఒక్కో చుక్క తగ్గించుకుంటూ పొమ్మంది. "నెల దాటినంక పారెయ్యాలె. ఇంకెవ్వరి కండ్లల్ల వెయ్యొద్దమ్మా" అని రెండుసార్లు చెప్పింది. గుర్వమ్మ తలూపింది. కానీ ఆ చుక్కతో తన కంటి ఎరుపు రెండు రోజుల్లో తగ్గిపోవడం ఆమె స్వయంగా చూసింది. అంత మంచి మందును పారెయ్యడానికి చేతులు రాలేదు. సీసాను నీళ్లకుండ కింది తడి ఇసుకలో గుచ్చి దాచింది. అయిపోయినప్పుడు ఖాళీ సీసా మెడికల్ షాపుకు పంపితే, చీటీ ఏదని అడగకుండా అలాంటిదే ఇచ్చారు. అప్పటినుంచి నలుసు తీసిన ప్రతివాళ్ల కంట్లో ఒక చుక్క వేసి పంపేది. తెల్లారేసరికి ఎరుపు పోయేది. నలుసు పోయిన కన్ను దానంతటదే బాగుపడుతుందని ఆమెకు తోచలేదు. మందు గుణమనుకుంది. కొంత తన చేతి గుణమనీ అనుకుంది.

మొన్నటి సంక్రాంతి వెళ్లిన వారానికి చేలో కంది కొడుతుంటే పొట్టు ఎగిరి రమ ఎడమ కంట్లో పడింది. రమ ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఆ రోజు మనుషులు దొరక్క చేనుకు పోయింది. గుర్వమ్మ పొట్టు తీసింది. నల్లగుడ్డు మీద సన్నటి గీత పడ్డట్టు అనిపించినా, చుక్క వేసి "ఏంగాదు బిడ్డా" అంది.

రెండో రోజుకు ఎరుపు తగ్గింది, నొప్పీ తగ్గింది. రమ మళ్లీ మిషన్ తొక్కింది. ఐదో రోజు కన్ను మసకేసింది. గుర్వమ్మ పూటకో చుక్కను గంటకో చుక్క చేసింది. తొమ్మిదో రోజు నల్లగుడ్డు మీద బియ్యపు నూకంత తెల్లటి మచ్చ తేలింది.

రమ భర్త నాగరాజు చౌటుప్పల్‌లో కంపెనీ పని వదిలి వచ్చి, ఇద్దరినీ నల్లగొండ తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ లైటు వేసి చూస్తూ, "ఇంతకుముందు ఏమన్న మందు వేసిన్రా?" అని అడిగింది.

రమ అత్త వైపు ఒకసారి చూసింది. "ఏం వెయ్యలే మేడం."

నిజం గుర్వమ్మ నోటిదాకా వచ్చింది. పక్కన కొడుకు ఉన్నాడు. వెనుక బల్ల మీద తమ ఊరివాళ్లు ఇద్దరున్నారు. ఆమె పైటకొంగు సర్దుకుంది.

డాక్టరమ్మ కొత్త మందు రాసిచ్చి మూడు రోజులకు రమ్మంది. కొత్త మందు మంటగా ఉంటోందని రమ ఏడిస్తే, ఇంట్లో గుర్వమ్మ పాత సీసా కూడా తీసింది. అది వేస్తే కోడలికి హాయిగా ఉండేది. మూడు రోజులూ రెండూ వేసింది. నాలుగో రోజు మచ్చ నల్లగుడ్డు సగం కమ్మేసింది. నల్లగొండ వాళ్లు చూసి వెంటనే హైదరాబాద్ పొమ్మన్నారు.

అక్కడి పెద్ద డాక్టరు కూడా అదే ప్రశ్న అడిగాడు. రమ నోరు తెరవబోయింది. గుర్వమ్మ ముందే రొండిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"నేనే వేసిన సారు. మొదటి రోజు నుంచి. నిన్న గూడ వేసిన."

డాక్టరు సీసా మీది అక్షరాలు చదివాడు. కోప్పడలేదు.

"దీంట్ల రెండు మందులుంటయవ్వా. ఒకటి క్రిములను సంపుతది. ఇంకోటి స్టెరాయిడు, ఎరుపును, నొప్పిని అణుస్తది. ఆపరేషనైన కంటికి అవసరమే. కాని ఈ బిడ్డ కంట్ల పడ్డది చేనుబూజు, పొట్టుకు పట్టె ఫంగసు. మొదటిది దాన్ని సంపలేదు. రెండోది కన్ను తననుతాను కాపాడుకోకుండ చేసింది. పైకి తగ్గినట్టు కనబడ్డది, లోపల పెరిగింది."

"మొన్న నల్లగొండల చెప్తె..." గుర్వమ్మ ఆగిపోయింది.

"చెప్తె నాలుగు రోజుల ముందే ఆపేటోళ్లు" అన్నాడు డాక్టరు. "కన్ను దక్కేదో లేదో చెప్పలేను. జర నయముండేది."

నాగరాజు బయటికి పోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

నలభై రోజుల తర్వాత రమను ఇంటికి పంపారు. గుడ్డు మిగిలింది, చూపు మిగల్లేదు. నల్లగా ఉండాల్సిన చోట సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. ఇంకా కొన్నాళ్లు చుక్కలు వెయ్యాలన్నారు. ఆ పని నాగరాజు తీసుకున్నాడు, ఫోనులో అలారం పెట్టుకుని. గుర్వమ్మ అటు పోయేది కాదు. అన్నం పళ్లెం కూడా కోడలి దగ్గర పెట్టి మొహం చూడకుండా లేచేది.

ఒక మధ్యాహ్నం నాగరాజు కరెంటు ఆఫీసుకు పోయి ఆలస్యం చేశాడు. రమ మంచం మీద వెల్లకిలా పడుకుని తనే వేసుకోబోయింది. మొదటి చుక్క చెంప మీద పడింది, రెండోది చెవిలోకి జారింది.

"అత్తమ్మా."

గుర్వమ్మ వాకిట్లోంచి కదల్లేదు.

"అత్తమ్మా, టైమయితాంది. రా."

"నేను ముట్టను బిడ్డా."

"మరెవరు వేస్తరు? కౌసల్యత్తను పిలువమంటవా? ఊరంత చెప్పుకుంట వేస్తది."

గుర్వమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగింది. సీసా తీసి కోడలి కుడి కంటి ముందు పెట్టింది.

"డాక్టరు చీటి మీద గిదే పేరుందా, చదువు."

రమ చదివింది. చీటీ చదివింది. మళ్లీ సీసా చదివింది. "గిదే."

గుర్వమ్మ ఆమె కింది రెప్పను వేలితో లాగింది. చాలా రోజుల తర్వాత ఆ మొహాన్ని అంత దగ్గరగా చూసింది. చుక్క పడింది.

"నువ్వు ఏడుస్తున్నవని కనబడదనుకుంటున్నవా?" అంది రమ. "ఇటు దిక్కు కనబడ్తది నాకు."